కుడికాలి మీద అనుమానం

వీరవేణికి రెండు కాళ్ళున్నాయని చూసినవాళ్ళు అనుకుంటారు గానీ ఆవిడ లెక్కలో ఉన్నది ఒక్కటే, కుడిది. ఎడమకాలు పాకే వయసులోనే పోలియో పాలయింది. చీర కుచ్చిళ్ళ కింద సన్నగా, చల్లగా ఉంటుందంతే, ఏ పనికీ రాదు. నలభై ఏళ్ళుగా ఆ మనిషిని మోస్తున్నది కుడికాలే. అందుకే దాన్ని పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంటుంది. పడుకునే ముందు కొబ్బరినూనె రాస్తుంది. చెప్పు కాస్త అరిగితే చాలు, మార్చేస్తుంది. ఎప్పుడో కాకినాడలో ఒక ఎముకల డాక్టరు మందుల చీటీ రాస్తూ, తల కూడా ఎత్తకుండా, "ఒక్క కాలి మీదే భారమంతా వేస్తున్నారు కదమ్మా, వయసు మీద పడ్డాక అదీ అలిసిపోతుంది, చూసుకోండి" అన్నాడు. ఆయన ఆ మాట అనేసి తర్వాతి రోగిని పిలిచాడు. ఈవిడ మాత్రం ఇంటికి తెచ్చుకుని ఇన్నేళ్ళూ దాచుకుంది.

ఉప్పాడలో చేపలు పట్టే ఇంట పుట్టిన పిల్ల. బడికి నాన్న భుజం మీద వెళ్ళింది, హైస్కూలుకి అన్న సైకిల్ మీద వెళ్ళింది. మేనత్త నూకరత్నం కొడుకు సురేష్‌బాబుని చేసుకున్నాక అతని మోటార్‌సైకిల్ మీద వెళ్ళింది. కాకినాడలో కాలేజీ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది, సంతోషమే. కానీ రోజూ వెళ్ళాలంటే ముందు ఎవరిదో ఒక వీపు ఉండాలి. సురేష్‌బాబు బోటెక్కి వేటకి వెళ్ళాడంటే ఎన్నాళ్ళకి ఒడ్డుకొస్తాడో తెలియదు. అప్పుడు షేర్ ఆటోనే గతి. ఆటో అతను హారన్ మోగిస్తూ "తొందరగా ఎక్కాలమ్మా" అంటాడు. లోపలివాళ్ళు "అయ్యో పాపం" అనుకుంటూ జరుగుతారు. జాలి పడేవాళ్ళకి ఖర్చేమీ లేదు కాబట్టి దండిగా పడతారు, పొద్దునా సాయంత్రమూ దాన్ని మింగేవాళ్ళకే తెలుస్తుంది దాని రుచి.

ఆ కాలేజీలోనే లెక్చరర్ ఉషారాణి గారు ఒకరోజు తన కారులో బస్టాండు దాకా దింపారు. క్లచ్ లేని కారు అది. వీరవేణి కళ్ళప్పగించి ఆవిడ కాళ్ళ వైపే చూస్తోంది. ఉషారాణి గారు నవ్వి, "ఎడమకాలికి పనే లేదండి వేణిగారూ, దీంట్లో అది ఊరికే కూర్చుంటుంది" అన్నారు. ఆ మాట విన్నప్పటినుంచీ వీరవేణికి నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. తనకి పసితనం నుంచీ ఉన్న లోటు ఒక లోటే కాని బండి లోకంలో ఉందని నలభయ్యో ఏట తెలిసింది మరి.

డ్రైవింగ్ స్కూల్లో రమేష్ బాబు అనే ఆయన ఓపిగ్గా నేర్పాడు. లైసెన్సు వచ్చింది. సురేష్‌బాబు ముందు నవ్వాడు, తర్వాత ఆలోచించాడు, తర్వాత తనే షోరూమ్‌కి తీసుకెళ్ళాడు. తెల్లకారు ఇంటికొచ్చిన మర్నాడు వీరవేణి ఒక్కతే బీచ్ రోడ్డు మీద కాస్త దూరం నడిపి చూసుకుంది. ఎవరి వీపూ అడ్డం లేకుండా రోడ్డు కనబడటం జీవితంలో అదే మొదటిసారి. సముద్రం కూడా ఆ రోజు వేరుగా కనిపించింది. కళ్ళు తుడుచుకోవడానికి కారు పక్కకి ఆపాల్సి వచ్చింది.

ఆ సంతోషం పట్టుమని రెండు నెలలు కూడా నిలవలేదు.

మొదటిసారి భానుగుడి జంక్షన్‌లో జరిగింది. సిగ్నల్ పడింది, పచ్చదీపం వెలిగింది, వీరవేణి బ్రేకు వదిలి ఎక్సలేటర్ మీద కాలు పెట్టింది. ఇంజను మోగింది గానీ కారు కదల్లేదు. ఇంకాస్త నొక్కింది. ఇంజను ఇంకా గట్టిగా మోగింది. వెనకనుంచి హారన్లు. గేర్ రాడ్ వైపు చూస్తే ముందుకి నడిపే 'డి' దగ్గరే ఉంది. ఎదుట మీటర్ల అద్దం వెనక మాత్రం ఏ గేరూ పడలేదన్నట్టు 'ఎన్' అని, న్యూట్రల్ అని వెలుగుతోంది. ఏంటిదని అనుకునే లోపే దడాలున గేరు పడింది. కారు కట్టు తెంచుకున్న గిత్తలా ముందుకి దూకింది. జాంపళ్ళ బండి పక్కన తల్లి చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఒక చిన్నపిల్ల గౌను అంచుకి బంపరు జానెడు దూరంలో ఆగింది. బ్రేకు ఎప్పుడు తొక్కిందో వీరవేణికే తెలియదు. తల్లి తిట్టిన తిట్లు చెవికెక్కలేదు. ఆ పిల్ల ఏడవకుండా, నోరు తెరుచుకుని, తనవైపే చూసిన చూపు మాత్రం మనసుకెక్కింది.

ఇంటికొచ్చి గది తలుపేసుకుని కుడికాలు చాపుకుని కూర్చుంది. వేళ్ళు ఆడించింది. మడమ తిప్పింది. తొడ మీద గిల్లింది. నొప్పి తెలుస్తూనే ఉంది. అయినా భయం వదల్లేదు. ఎక్సలేటర్ నొక్కాననుకున్నాను, నిజంగా నొక్కానా? మెల్లగా నొక్కాననుకున్నాను, గట్టిగా పడిందా? డాక్టరు చెప్పిన రోజు ఇదేనా? కారు చెడితే బాగుచేసేవాళ్ళుంటారు. ఈ కాలు చెడితే కారు మాట అటుంచి, మంచం మీంచి స్నానాల గది దాకా కూడా మళ్ళీ ఎవరో ఒకరు మోయాలి.

షోరూమ్ వాళ్ళ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళింది. అక్కడ చూసుకునే కుర్రాడు సత్యప్రసాద్ చాలా మర్యాదస్తుడు. కాఫీ ఇప్పించాడు. కారుకి వైరు తగిలించి కంప్యూటర్‌లో చూశాడు, తనే ఎక్కి ఊరంతా ఒక చుట్టు చుట్టి వచ్చాడు. పంటి నొప్పి డాక్టరు గుమ్మం చూడగానే మాయమైనట్టు, కారు అతని చేతిలో నెయ్యిలా నడిచింది.

"ఏ ప్రాబ్లమూ చూపించట్లేదండి మేడమ్" అన్నాడు. కాస్త తటపటాయించి, ఆవిడ చేతికర్ర వైపు చూడకూడదనుకుంటూనే చూసి, "కొత్తలో కొందరికి పెడల్ మీద ప్రెషర్ సరిగ్గా కుదరదండి. మీకు, అంటే, కొంచెం అలవాటైతే..." అని ఆగాడు.

మర్యాదస్తులతో వచ్చిన చిక్కే ఇది. తిడితే తిరిగి తిట్టొచ్చు. వీళ్ళు మాట సగంలో ఆపి మిగతాది మన చేతే అనిపిస్తారు. వీరవేణి తల ఊపి, కారెక్కి, అదురుతున్న కాలుతోనే ఇంటికొచ్చింది.

ఆ తర్వాత కారు ఎప్పుడు ఏం చేస్తుందో తెలియకుండా పోయింది. నాలుగు రోజులు బుద్ధిగా ఉంటుంది. అయిదోనాడు ఎక్కడో మలుపులో 'డి' పోయి 'ఎన్' వస్తుంది. ఒక్కోసారి వెనక్కి వెళ్ళమంటే వెళ్ళదు, ఒక్కోసారి వద్దన్నా ఊగుతుంది. ప్రతి జంక్షన్‌లోనూ ఆ గౌను పిల్లే కనబడేది. అందుకని పిఠాపురం మీదుగా వచ్చే దారి మానేసి, జనం పల్చగా ఉండే బీచ్ రోడ్డే పట్టుకుంది. చెడిపోయినా సముద్రాన్నే కదా గుద్దేది అనుకుంది పిచ్చిది.

బోటు మీద ఉన్న మొగుడికి ఫోన్ కలవలేదు. మరిది యుగంధర్‌కి మాత్రం విషయం తెలిసింది. సలహా ఇవ్వడానికి అతనికి సిగ్నల్‌తో పని లేదు.

"అమ్మేద్దాం వదినా. కారు మంచిదే, నీకు పడలేదంతే. ఎక్కడికెళ్ళాలన్నా నేను లేనా ఏంటి?" అన్నాడు.

లేడు. కావలసినప్పుడు ఎప్పుడూ లేడు. కానీ ఆ మాట అనడానికి వీరవేణికి నోరు రాలేదు. అతనన్నదే నిజమేమోనని భయం.

ఈ గొడవ జరుగుతున్నన్నాళ్ళూ అత్తగారు నూకరత్నం ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇది వింత. నూకరత్నం నోరు ఉప్పాడంతటికీ తెలుసు. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి, ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి, బేరంలో ఆవిడ మీద నెగ్గినవాళ్ళు లేరు. అలాంటిది కారు మాట ఎత్తగానే లేచి వంటింట్లోకి పోయేది. కోడలి తిప్పలు చూడలేక కాబోలు అనుకుంది వీరవేణి.

కార్తీకం మొదట్లో బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టింది. ఆ రోజు అత్తగారి కళ్ళు చూపించడానికి కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళింది వీరవేణి. మందు వేసి కళ్ళు పరీక్ష చేసి పంపేసరికి సాయంత్రమైంది. వెలుతురు ఇంకా ఉంది, బీచ్ రోడ్డు మూసెయ్యలేదనే చెప్పారు. పిఠాపురం మీదుగా పోతే సంతరోజు జనం. ఆ జనం మధ్యలో 'ఎన్' పడితే? వీరవేణి కారు సముద్రం వైపు తిప్పింది.

ఊరు దాటాక గానీ అర్థం కాలేదు ఎంత తప్పు చేసిందో. సముద్రం బురదరంగులో ఉబికి ఉంది. గట్టుకి వేసిన బండరాళ్ళని కొట్టి, నీళ్ళు వాటి మీంచి రోడ్డు మీదికి దుప్పటి పరిచినట్టు జారుతున్నాయి. రోడ్డు అంచు ఒక చోట కొరికేసినట్టు పోయింది. ఎదురుగా బళ్ళేమీ రావడం లేదు. వెనక కూడా లేవు. వెనక్కి తిప్పడానికి చోటూ లేదు.

"మెల్లగా ఎల్లవే" అంది నూకరత్నం పక్కసీట్లోంచి. మందు వేసిన కళ్ళకి అన్నీ మసకగా కనిపిస్తున్నాయేమో, మాటిమాటికీ "ఎంత దూరం వచ్చాం?" అంటోంది.

అక్కడ, రోడ్డు కాస్త పల్లంగా ఉన్న చోట, నీళ్ళు చూసి వీరవేణి బ్రేకు తొక్కింది. మళ్ళీ కాలు ఎక్సలేటర్ మీద పెట్టింది. ఇంజను గర్జించింది. కారు కదల్లేదు.

'ఎన్'.

గేర్ రాడ్ వెనక్కి లాగింది, ముందుకి తోసింది. మళ్ళీ 'డి'లో పెట్టింది. 'ఎన్'. కారు ఆపేసి మళ్ళీ స్టార్ట్ చేసింది. 'ఎన్'. కుడిపక్కనుంచి ఒక అల లేచి, రాళ్ళని దాటి, తలుపు మీద ఫెడీమని పడింది. కారు మొత్తం ఊగింది. అద్దాల మీంచి నురగ జారుతోంది. కింద టైర్ల దగ్గర ఇసుక కోసుకుపోతున్న చప్పుడు సీటులోకి తెలుస్తోంది. అల వెనక్కి పోతూ కారుని కూడా రమ్మన్నట్టు లాగింది, కారు ఒక జానెడు అటు జరిగింది.

కాళ్ళూ చేతులూ ఆడలేదంటారే, అది మాటవరసకి అనేవాళ్ళకి బాగానే ఉంటుంది. వీరవేణికి ఉన్న ఒక్క కాలూ ఆ క్షణంలో ఉందో లేదో తెలియలేదు. కింద పెడల్ ఉంది, పైన మోకాలు ఉంది, మధ్యలో ఏమీ లేనట్టే ఉంది. అయిపోయింది, కాలు పోయింది, అత్తని తీసుకొచ్చి సముద్రంలో కలిపేస్తున్నాను అనుకుంది. నలభై ఏళ్ళు మోసిన కాలు ఇక్కడ, ఈ రోడ్డు మీద, ఇప్పుడే చెయ్యి వదిలేసింది అనుకుంది. ఏడుపు కూడా రాలేదు.

రెండో అల పడింది. నూకరత్నం రెండు చేతులూ ఎత్తి ఒక్కసారిగా అరిచింది.

"గంగమ్మా! తల్లీ! నీ నీళ్ళతోనే కడిగాను కదే దీన్ని! ఆ కర్ర మీద చెంబెడు పోశాను కదే! చాలదటే నీకు? దీన్ని తీసుకుపోకే తల్లీ!"

వీరవేణి తల తిప్పింది. "ఏ కర్ర?"

నూకరత్నం నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అత్తా! ఏ కర్ర మీద?"

"ఇదేనే" అని గేర్ రాడ్ చూపించింది ముసలావిడ. "బండొచ్చిన మర్నాడు. నువ్వు తానం చేత్తన్నావు. నీకు తెలిత్తే సీట్లు తడుత్తాయని గోల పెడతావని చెప్పలేదు."

ఇది బయటివాళ్ళకి ఊరికే చెప్తే ఎక్కదు, అందుకని కాస్త వివరంగా చెప్పాలి. వాళ్ళింట్లో కొత్త పడవ దించేముందు, మోటారు కర్ర ఉంటుందే, వెనక కూర్చున్నవాడు చేత్తో పట్టుకుని పడవని తిప్పే ఇనప కర్ర, దాన్ని పసుపు కలిపిన సముద్రపు నీళ్ళతో కడుగుతారు. కర్ర పట్టుకున్నవాడు క్షేమంగా తిరిగి రావాలని. కారు వచ్చిననాడు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, పైన పసుపునీళ్ళు చల్లారు. నూకరత్నానికి అది చాలలేదు. కోడలు చేత్తో ఏది పట్టుకుంటే బండి ముందుకీ వెనక్కీ పోతోందో ఆవిడ చూసిపెట్టుకుంది. పడవలో ఆ పని చేసేది కర్రే. అందుకని తెల్లవారకుండా సముద్రం దగ్గరికెళ్ళి, చెంబుతో నీళ్ళు తెచ్చి, గేర్ రాడ్ నెత్తిన నిండుగా పోసి, పైన కనబడ్డ తడి చీర చెంగుతో తుడిచేసింది. కనబడనిది లోపలికి దిగి కూర్చుంది. ఉప్పునీళ్ళు ఇనుముని ఏం చేస్తాయో ఉప్పాడవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా దేవుడి పని కదా, అది ఆవిడ తలకి తట్టలేదు.

మూడో అల ఎక్కడో లేస్తోంది. చావు తలుపు తడుతోంది. వీరవేణికి మాత్రం ఒళ్ళంతా ఒక్కసారిగా వేడెక్కింది. కాలు కాదు. నా కాలు కాదు! ఆ మాట బయటికే అనేసింది కాబోలు, "ఏ కాలే?" అంది నూకరత్నం అయోమయంగా. వీరవేణి తొడ మీద అరచేత్తో గట్టిగా కొట్టుకుంది. కొట్టిన చోటు చురుక్కుమంది. మోకాలికీ పెడల్‌కీ మధ్య కాలు ఎప్పటిలాగే ఉంది, వణుకుతూ ఉంది, అంతే.

అప్పుడు అద్దం మీద దబదబా బాదారు. ఎగువన తెప్పలు పైకి లాక్కుంటున్న మనుషులు కారుని చూసి పరుగెత్తుకొచ్చారు. నడుం లోతు నురగలో నిలబడి ఒకాయన అరుస్తున్నాడు.

"న్యూట్రల్లో పెట్టండమ్మా! తోసేత్తాం!"

"న్యూట్రల్లోనే ఉందండీ బాబూ! అదే కదా గొడవ!" అని అరిచింది వీరవేణి. అంత భయంలోనూ ఆ మాటకి తనకే నవ్వో ఏడుపో వచ్చింది.

తెప్పని తోసినట్టే తోశారు. వీరవేణి స్టీరింగ్ బిగించి పట్టుకుని కారుని రోడ్డు మధ్యకి తిప్పింది. అల వచ్చి వెనక టైర్లని కొట్టి పోయింది. మనుషులు ఆగకుండా తోసుకుంటూ, సరుగుడు తోపు పక్క మెరక మీదికి ఎక్కించారు. కారు దిగబోతే ఆవిడ కాలు నేల మీద ఆనలేదు. ఎవరో ఆడమనిషి నడుం పట్టుకుని కూర్చోబెట్టింది. నూకరత్నం ఆ తడి ఇసుకలోనే చతికిలబడి, సముద్రం వైపు చూసి తిడుతోందో మొక్కుతోందో తెలియకుండా ఏదో గొణుగుతోంది.

ఇంటికి చేరాక యుగంధర్ వాకిట్లోనే అందుకున్నాడు. "చెప్పానా వదినా? చెప్పానా? మా అమ్మని కూడా చంపేసేదానివి. కాలు సరిగ్గా లేనప్పుడు ఎందుకొచ్చిన సరదా ఇది? రేపు కారు సర్వీస్‌కి పంపి, అటునించి అటే అమ్మేద్దాం."

వీరవేణి అత్తగారి వైపు చూసింది. నూకరత్నం తల దించుకుంది.

తర్వాత వంటింట్లో, పొయ్యి ముందు, గొంతు తగ్గించి అంది. "ఆడికి చెప్పకే వేణీ. ఊరంతా నవ్వుద్ది. కోడలి కారు అత్త తగలేసిందంటారు." ఇంకా తగ్గించి అంది. "మీ మావయ్య ఆఖరిసారి ఎళ్ళిన తెప్ప అరువుది. ఆ పొద్దు తొందరలో కర్ర కడగలేదు. తొంభైయారు తుపాను. మళ్ళా రాలేదు. అందుకే పోశాను. నువ్వు రోజూ ఒక్కద్దానివే ఎళ్ళి రావాలి కదా."

మావయ్య రాని రోజు వీరవేణికి గుర్తుంది. ఒడ్డున అత్త అరుపులు విన్నది. ఇన్నాళ్ళూ కారంటే తనొక్కదానికే భయమనుకుంది. ఈవిడ కారు తాళం చప్పుడు విన్న ప్రతిసారీ తిరిగొచ్చే దాకా ఊపిరి బిగపట్టుకుని కూర్చుందని ఇప్పుడు తెలిసింది. కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఎక్కువసేపు ఉండలేదు.

"చెప్పన్లే అత్తా" అంది.

అనడం తేలిక. చెప్పకపోతే తప్పు కాలి మీదే ఉండిపోతుంది. ఊళ్ళోవాళ్ళ దగ్గరా, మొగుడి దగ్గరా, ఆ మర్యాదస్తుడి దగ్గరా. కారు బాగుపడినా తాళాలు చేతికి రావు. ఆ రాత్రంతా కుడికాలు పట్టుకునే పడుకుంది. నిజంగా కాలు బాగుందా, లేక అత్త మాట దొరికింది కదాని నమ్మేస్తున్నానా అన్న అనుమానం ఒకటి మళ్ళీ మొదలైంది. భయానికి అలవాటు పడ్డ మనసు సంతోషాన్ని కూడా గిల్లి చూసుకుంటుంది.

మర్నాడు బండి మీదెక్కించి కారుని సర్వీస్ సెంటర్‌కి పంపారు. వెనక ఆటోలో యుగంధర్, వీరవేణి వెళ్ళారు. ఎవరూ పిలవకపోయినా నూకరత్నం కూడా ఎక్కి కూర్చుంది. సత్యప్రసాద్ ఈసారి కంప్యూటర్‌తో సరిపెట్టలేదు. గేర్ రాడ్ చుట్టూ ఉన్న మూతలు ఊడదీయించాడు. లోపల వైర్లు కలిసే చోట తెల్లగా ఉప్పు పేరుకుని, పచ్చగా చిలుము పట్టి ఉంది. టార్చి వేసి చూసి ముఖం చిట్లించాడు.

"నీళ్ళు పడ్డాయండి. ఉప్పునీళ్ళు. అందుకే రాడ్ 'డి'లో ఉన్నా కారుకి తెలియట్లేదు."

"నిన్న అలలు కొట్టాయి కదండీ" అన్నాడు యుగంధర్.

"ఇది నిన్నటిది కాదండి. ఎన్నాళ్ళనించో ఉంది. పైనుంచి పడింది. ఎవరైనా పోశారా మేడమ్?"

వీరవేణి అత్త వైపు చూడలేదు. చూస్తే తెలిసిపోతుంది. "నేనేనండి. పొరపాటున సీసా..." అని మొదలుపెట్టింది.

"అది కాదండి" అంది నూకరత్నం.

అక్కడున్న నలుగురూ తిరిగి చూశారు. ముసలావిడ చీర చెంగు నడుముకి దోపి, బేరానికి నిలబడ్డట్టు నిలబడింది.

"నేనండి పోసింది. సముద్రం నీళ్ళు, చెంబెడు. నా చేతుల్తో. దానికి తెలవదు." యుగంధర్ వైపు తిరిగింది. "నువ్వు రోజూ దాని కాలు, దాని కాలు అంటన్నావే, దాని కాలికేం కాలేదురా. నా కోడలి కాలు బాగానే ఉంది." మళ్ళీ సత్యప్రసాద్ వైపు తిరిగి, "అది కూడా మీ కంపూటర్లో రాసుకోండి బాబూ" అంది.

సత్యప్రసాద్ నవ్వలేదు, అది అతని మంచితనం. "సారీ మేడమ్" అన్నాడు వీరవేణితో, ఈసారి మాట పూర్తిగా. వీరవేణి ఆ రాడ్ లోపలి తెల్లటి ఉప్పుని చూస్తూ ఉండిపోయింది.

పాడైన భాగం తెప్పించి మార్చడానికి కొన్నాళ్ళు పట్టింది. కారు ఇచ్చేటప్పుడు సత్యప్రసాద్ "ఇంక రాకూడదండి. కానీ కొన్నాళ్ళు గమనించుకోండి" అన్నాడు. రాదు అనలేదు, రాకూడదు అన్నాడు. ఆ తేడా వీరవేణికి వెంటనే తగిలింది.

తాళం చేతిలో పెట్టుకుని కారు పక్కన చాలాసేపు నిలబడింది. యుగంధర్ "నేను నడపనా వదినా?" అన్నాడు, ఈసారి నిజంగానే మెత్తగా. ఆ మెత్తదనం వింటే ఇచ్చేద్దామనిపించింది కూడా. అంతలో నూకరత్నం ముందు తలుపు తీసుకుని, పక్కసీట్లో కూర్చుని, బెల్టు ఎక్కడ తగిలించాలో వెతుక్కుంటోంది. సముద్రం అంత దగ్గర నుంచి చూశాక, ఆ బండిలో మళ్ళీ ఆవిడ ఎక్కుతుందని ఎవరూ అనుకోలేదు. వీరవేణి చేతికర్ర వెనకసీట్లో పెట్టి, లోపల కూర్చుంది. యుగంధర్ బస్సుకి వెళ్ళాడు.

పిఠాపురం దారే పట్టింది. జనం ఉన్నారు, ఆటోలున్నాయి, బడి వదిలిన పిల్లలున్నారు. కళ్ళు రోడ్డు మీద సగం, ఆ చిన్న అక్షరం మీద సగం. 'డి' వెలుగుతూనే ఉంది. అది వెలుగుతున్నా నమ్మకం చిక్కడం లేదు. పక్కన అత్త బెల్టు పట్టీని రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఏటి మీది వంతెన ఎక్కేటప్పుడు ముందు ఇసుక లారీ ఆగింది. వీరవేణీ ఆగింది. వెనక వరసగా బళ్ళు. లారీ కదిలి పైకి పోయింది. కారు కదల్లేదు. ఎత్తు మీద ఉన్నచోటే ఉండిపోయింది. వెనకనుంచి హారన్ మోగింది, దాని వెనక ఇంకోటి.

నూకరత్నం కళ్ళు తెరిచింది. "మళ్ళీనా? మళ్ళీ చెడిపోయిందంటే?"

వీరవేణి చూసింది. 'డి' నిలకడగా వెలుగుతోంది. ఇంజను మోగడమే లేదు. కింద చూసుకుంది. ఎక్సలేటర్ మీద ఉండాల్సిన పాదం బ్రేకు మీద బిగుసుకుని ఉంది. తన తప్పు కాదని చెప్పడానికి ఈసారి చెడిన కారూ లేదు, ఉప్పూ లేదు. నలభై ఏళ్ళుగా ఏ మాట అనాల్సి వస్తుందోనని హడలిపోయిందో ఆ మాటే నోటికొచ్చింది. అనేశాక చూస్తే, ఏమీ కూలిపోలేదు.

"కారు కాదత్తా, నేనే. భయమేసి ఎక్సలేటర్ మీంచి కాలు తీసేశాను."

నూకరత్నం పట్టీ వదల్లేదు. కోడలి కుడికాలి వైపు ఒకసారి చూసి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది.

"మరి మళ్ళీ పెట్టవే" అంది.